కాలు జారకముందే

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఈ సామెత కట్టినవారు పడుచువాళ్లే అయి ఉంటారు. డెబ్బై అయిదేళ్ల మనిషి కాలు జారితే తీసుకోవడం అంత తేలిక కాదు. ఈ వయసులో తుంటి ఎముక విరిగినవారిలో సుమారు ఐదుగురికి ఒకరు ఏడాది తిరిగేలోగా కన్నుమూస్తున్నారని చాలా దేశాల అనుభవం. బతికి బయటపడ్డవారిలోనూ చాలామంది మళ్లీ తోడు లేకుండా గడప దాటలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు. వారిలో అరవై దాటినవారే ఎక్కువ.

చెన్నైలో ఏ తెలుగువారి ఇంట్లో కదిపినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. 'బాత్‌రూమ్‌లో జారిపడ్డారండీ' అనే ఒక్క మాటతో దాన్ని ముగించేస్తాం. తప్పు టైల్స్‌ది, తడిది, అదీ కాకపోతే గ్రహచారానిది. అంతకు ఆరు నెలల ముందు నుంచీ ఆ మనిషి నడక ఏం చెబుతూ వచ్చిందో మాత్రం ఎవరికీ పట్టదు.

నడక చెబుతూనే ఉంటుంది. వంటింట్లోంచి హాల్లోకి వస్తూ గోడకో ఫ్రిజ్‌కో చెయ్యి ఆనిస్తారు. అడుగులు పొట్టివవుతాయి, పాదం సరిగా లేవక చెప్పు నేలకు రాసుకుంటుంది. ఎవరైనా పిలిస్తే చప్పున వెనక్కి తిరగలేక నాలుగైదు చిన్న అడుగులు వేస్తారు. సోఫాలోంచి రెండోసారికి గానీ లేవలేరు. వీటన్నిటికీ మనం పెట్టుకున్న పేరు 'వయసు'. 1997లో స్వీడన్ పరిశోధకులు వృద్ధులతో కలిసి నడుస్తూ మాట కలిపి చూశారు. 58 మందిలో 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు. నడవడానికే ధ్యాసంతా ఖర్చయిపోతే మాటకు మిగిలేదేముంటుంది?

నిలకడ ఒక్క కాళ్ల పని కాదు. కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ కలిసి మనం ఎటు ఒరుగుతున్నామో మెదడుకు చెబుతాయి. ఒకటి మందగిస్తే మిగతా రెండూ కాసుకుంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. పదిహేనేళ్లుగా షుగర్ ఉండి అరికాళ్లు మొద్దుబారిన పెద్దాయన పగలంతా బాగానే తిరుగుతారు, ఎందుకంటే కళ్లు చూసుకుంటున్నాయి. అదే స్నానానికి వెళ్లి ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలిపోతారు. చీకట్లో పాస్‌కు లేచినప్పుడూ అంతే. మనం తిట్టేది టైల్స్‌ని. దానికి తోడు నిద్రమాత్రలు, లేచి నిలబడగానే రక్తపోటు దిగిపోయి కళ్లు తిరగడం, తీయించుకోని శుక్లాలు.

ఒకసారి తూలి పడబోయాక ఇంట్లో జరిగేది ఇంకా విచారకరం. 'అమ్మా, నువ్వు కదలకు, ఏం కావాలన్నా నన్నడుగు' అంటాడు కొడుకు. ప్రేమతోనే అంటాడు. కూరగాయలకు వెళ్లడం, మేడ మెట్లెక్కడం, వాకిట్లో ముగ్గు వేయడం ఒక్కొక్కటిగా మాన్పించేస్తారు. పడతానేమో అన్న భయం ఆవిడకూ పట్టుకుంటుంది. వాడని తొడ కండ మూడు నెలల్లో చిక్కిపోతుంది. ఆ కండే కదా పడబోయే మనిషిని నిలబెట్టాల్సింది! కూర్చోబెట్టడం కాపాడటం కాదని మేం గట్టిగా చెబుతున్నాం. 2019లో ఒక సమీక్ష 25 దేశాల్లోని 108 ప్రయోగాలను, 23 వేలకు పైగా పెద్దవాళ్లను కలిపి చూసింది. వ్యాయామం చేసినవారిలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయని తేలింది. ఎక్కువ పని చేసినవి నిలకడను పరీక్షించే కసరత్తులే. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు మోపకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, మడమను వేళ్లకు ఆనించి గీత మీద నడవడం లాంటివి. మెరీనాలో ఉదయపు నడక మంచిదే. ఒంట్లో నిలకడ తగ్గినవారికి అదొక్కటే చాలదు.

ఎవరికి ప్రమాదముందో తెలుసుకోవడానికి స్కానింగులు అక్కర్లేదు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. దీనికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్తపడాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకం. ఇదేమీ జాతకం కాదు. 10 సెకన్లలో లేచి వచ్చినవారూ పడవచ్చు. అయినా ఎక్కడ చూడాలో చెబుతుంది.

వీధి సంగతి వేరే చెప్పాలా? కాలిబాట కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని, దాని అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. టీ నగర్‌లో వెడల్పాటి కాలిబాటలున్న పాండీ బజార్ దాటి పక్క వీధిలోకి వెళ్లినవారికి మిగతాది తెలుసు. రోడ్డు దాటే సిగ్నళ్లు సెకనుకు 1.2 మీటర్లు నడిచేవారి కోసం కట్టినవి. 12 మీటర్ల రోడ్డుకు 10 సెకన్లు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే బామ్మగారికి 15 పడుతుంది.

వృద్ధుల వైద్యానికి ఈ నగరం కొత్త కాదు. మన జనరల్ ఆస్పత్రిలో 1978లోనే ప్రత్యేక విభాగం మొదలైంది. గిండీలో జాతీయ వృద్ధాప్య కేంద్రం 2024లో తెరుచుకుంది. కానీ పడకముందు పెద్దాసుపత్రికి వెళ్లేదెవరు? అందుకే మా చూపు 2021లో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' అనే, ఇంటికే వైద్యం తెచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం మీద ఉంది. బీపీ, షుగర్ మాత్రలు పట్టుకుని ఆరోగ్య కార్యకర్త గుమ్మం దాకా వస్తోంది. మంచం పట్టినవారికి ఫిజియోథెరపిస్టు కూడా వస్తున్నారు. మంచం పట్టకముందే రావాలంటున్నాం. కుర్చీ ఇంట్లోనే ఉంది, కార్యకర్త ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది. మాత్రల సంచీలో 3 మీటర్ల తాడు ఒకటి పెట్టి, ఆలస్యమైనవారి పేర్లు ఫిజియోథెరపిస్టుకు అందించే ఏర్పాటు చేస్తే చాలు. అక్టోబరులో వానలు పట్టుకుని వీధులు పాచిపట్టేలోగా కనీసం కొన్ని వార్డుల్లోనైనా ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టాలి.