ఆ డిగ్రీ మానేయమని ఫార్వర్డ్ చేసేముందు

ఈ వారంలో నాకిది నాలుగోసారి రావడం. మొదట చిన్ననాటి స్నేహితుడు పంపాడు, తర్వాత ఆఫీసు గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత మా పిన్ని, నిన్న రాత్రి పదకొండింటికి ఇంకో స్నేహితురాలు, "నీ కోర్సు గురించేగా, చూశావా?" అంటూ. పైన రెండు బాణాల గుర్తు కూడా ఉంది, అంటే ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిందన్నమాట. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నదేమిటో క్లుప్తంగా చెప్తాను.

"ఇంటర్నెట్ కమ్యూనికేషన్స్ డిగ్రీ శుద్ధ దండగ, 6 కారణాలు. 1, ఫేస్‌బుక్ వాడటం పిల్లలకీ వచ్చు, దానికి డిగ్రీ ఎందుకు? 2, అదంతా యూట్యూబ్‌లో ఫ్రీగా ఉంది. 3, చదువు పూర్తయ్యేలోపు నేర్చుకున్నది పాతబడిపోతుంది. 4, ఆ పనులన్నీ ఇప్పుడు ఏఐ చేసేస్తుంది. 5, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివేది అసలు డిగ్రీయే కాదు. 6, జుకర్‌బర్గ్, బిల్ గేట్స్ చదువు మానేసే గొప్పవాళ్లయ్యారు, కాబట్టి చేరినవాళ్లు ఈరోజే మానేయండి. నలుగురికి పంపి నాలుగు జీవితాలు కాపాడండి."

ఇంటర్నెట్‌లో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో, సమాచారం ఎలా తిరుగుతుందో చదివే ఆ డిగ్రీలో నేను రెండో ఏడాదిలో ఉన్నాను. మామూలుగా అయితే చదివి వదిలేసేదాన్ని. కానీ మొన్న మా బ్యాచ్‌లో ఒకావిడ, పగలు ఉద్యోగం, సాయంత్రం ఇద్దరు పిల్లలు, వాళ్లు పడుకున్నాక చదువు, క్లాస్ గ్రూపులో ఇలా రాసింది: "మా ఆయన ఈ మెసేజ్ చూపించారు. మానేద్దామా అనిపిస్తోంది." అది చదివాక ఊరుకోలేకపోయాను.

మొదటి పాయింట్‌కి రెండు వాక్యాలు చాలు. మాట్లాడటం కూడా పిల్లలకి వచ్చు, అలాగని భాషాశాస్త్రం చదివేవాళ్లని ఎవరూ ఇంటికి పొమ్మనలేదు. వాడటం వేరు, అదెలా నడుస్తుందో, దాన్ని ఎవరు నడుపుతున్నారో, దానివల్ల ఎవరికి నష్టమో తెలుసుకోవడం వేరు.

మూడోది, పాతబడటం. ఈమెయిల్ అడ్రసులో మనం రోజూ కొట్టే ఆ ఎట్ (@) గుర్తుని రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు 1971లో వాడాడు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే టీసీపీ ఐపీ పద్ధతికి ఆర్పానెట్, అంటే ఇంటర్నెట్‌కి ముందు వచ్చిన నెట్‌వర్కు, 1983 జనవరి 1న మారింది, ఈ ఫార్వర్డ్ నా ఫోన్‌కి చేరింది కూడా ఆ దారినే. ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే కొత్త సమాచారం మనకు ఎక్కువగా అందుతుందని మార్క్ గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో రాశాడు, వెబ్ పుట్టకముందు. సోషల్ మీడియా గురించి మా క్లాసులో ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు. పాతబడేవి బటన్లు. ఫేస్‌బుక్ లాంటి సైట్లే, ఆర్కుట్ 2014లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది, వాటిలో ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే నేర్చుకున్నవాళ్లకి ఏమీ మిగల్లేదు. ఇక్కడ ఒకటి ఒప్పుకుంటాను, మా మొదటి సెమిస్టర్‌లో ఒక టూల్ మీద మూడు వారాలు గడిపాం, ఏడాది తిరక్కుండానే దాని రూపురేఖలు మారిపోయాయి. ఆ మూడు వారాలూ వృథాయే. సిలబస్‌లో అలాంటివి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ఏఐ సంగతి. ఎయిర్ కెనడా అనే విమాన సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. అతను నమ్మి టికెట్ కొన్నాడు, తర్వాత సంస్థ డబ్బు ఇవ్వనంది. చాట్‌బాట్ చెప్పినదానికి మా బాధ్యత లేదన్నట్టు వాదించింది కూడా. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, మీ సైట్‌లో ఏం కనిపించినా బాధ్యత మీదే అని చెప్పి పరిహారం కట్టించింది. అంతకుముందు ఏడాది న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించి ఇచ్చిన తీర్పుల్ని నిజమని కోర్టులో పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. రాసేది ఎవరైనా కావచ్చు, దాన్ని పదిమంది ముందు పెట్టేముందు సరిచూసే మనిషి కావాలి కదా. ఆ మనిషికి ఏం చూడాలో తెలియాలి కదా. ఏఐ వచ్చాక ఈ పని పెరిగిందనే నేననుకుంటాను. అయితే పైపైన నాలుగు పోస్టులు రాసిపెట్టే ఉద్యోగాలకు దెబ్బ తగులుతుందన్నది నిజం, దాన్ని దాచి ఎవరికీ ధైర్యం చెప్పను.

ఇక యూట్యూబ్. ఉంది, ఒప్పుకుంటున్నాను. మా పాఠాల్లో చెప్పే విషయాలు చాలావరకు వెతికితే ఉచితంగా దొరుకుతాయి. నేనూ చూస్తాను. కానీ హార్వర్డ్, ఎంఐటీ యూనివర్సిటీలు కలిసి ఎడెక్స్ అనే ఆన్‌లైన్ సైట్‌లో పెట్టిన ఉచిత కోర్సుల లెక్కలు చూశారా? 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి, 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3.13 శాతం. పాఠాలు బాగాలేక కాదు. దారి చూపించడానికి, ఆగిపోతే పలకరించడానికి, తప్పు రాస్తే తప్పని చెప్పడానికి మనిషి లేక అని నేననుకుంటాను.

నా మొదటి వ్యాసం తిరిగొచ్చినప్పుడు పక్కన ఖాళీలో ట్యూటర్ పదకొండు చోట్ల ఒకటే మాట రాశారు: "ఎవరు చెప్పారు?" "ఇంటర్నెట్ వల్ల మనుషులు ఒంటరివాళ్లవుతున్నారు" అని రాశాను, ఎవరు చెప్పారు? "అందరికీ తెలిసినట్టుగా" అని రాశాను, ఎవరు చెప్పారు? ఆ రోజు ఏడుపొచ్చింది. ఏ వీడియో నన్ను ఆ ప్రశ్న అడగలేదు, అడిగే వీలూ లేదు, ఎందుకంటే వీడియోకి నేనేం రాశానో తెలియదు.

ఇంకొకటి. యాక్సెసిబిలిటీ, అంటే వైకల్యం ఉన్నవాళ్లు కూడా వాడగలిగేలా చేయడం, దాని మీద ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. మేం తయారుచేసిన పేజీని తెర ఆపేసి, పేజీలో ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినాలి. నేను ఎంతో ముచ్చటపడి చేసుకున్న పేజీ అది, పెద్ద ఫోటోలు, లేత బూడిద రంగు అక్షరాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. "ఇమేజ్. ఇమేజ్. లింక్, ఇక్కడ నొక్కండి. లింక్, ఇక్కడ నొక్కండి. లింక్, ఇక్కడ నొక్కండి." అంతే. బొమ్మల్లో ఏముందో లేదు, ఎక్కడ నొక్కితే ఎక్కడికి పోతామో లేదు. చూపు లేని మనిషికి నా పేజీ తలుపుల్లేని గోడ. ఏదైనా విషయం చెప్పే ప్రతి బొమ్మకూ వివరణ రాయాలని, మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని నియమాలున్నాయని అప్పుడే తెలిసింది. నా బూడిద రంగు ఆ లెక్కకి దరిదాపుల్లో కూడా లేదు. ఈ నియమాలు యూట్యూబ్‌లో లేవా? ఉన్నాయి. కానీ వెతకాలంటే అలాంటిదొకటి ఉందని ముందు తెలియాలి. నాకు తెలియదు, తెలియదన్న సంగతి కూడా తెలియదు.

పరిశోధనలో నైతికత పాఠం కూడా అంతే. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ దాదాపు 6,50,000 మంది వెతికిన మాటల్ని, పేర్లు తీసేసి అంకెలు పెట్టి, పరిశోధన కోసమని బయటపెట్టింది. పేరు తీసేశాం కదా అనుకున్నారు. కొద్దిరోజుల్లోనే విలేకరులు ఆ వెతుకులాట ఆధారంగా ఒకావిడ ఎవరో కనిపెట్టి ఆవిడతో మాట్లాడారు. ఈ పాఠం విన్నాక ఎవరి పోస్టునైనా స్క్రీన్‌షాట్ తీయాలంటే చెయ్యి ఆగుతోంది.

ఇప్పుడు ఐదూ ఆరూ. నాకు ఒళ్లు మండింది వీటి దగ్గరే.

ఇంట్లో కూర్చుని చదివేది డిగ్రీ కాదట. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1971 నుంచి దూరవిద్యలో డిగ్రీలు చెప్తోంది, ఇంటర్నెట్ ఇళ్లకి రాకముందు పోస్టులో పుస్తకాలు పంపి, టీవీలో, రేడియోలో పాఠాలు పెట్టి. ఆ చదువులతో మనుషులు దశాబ్దాలుగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అయినా ఇంట్లో కూర్చుని చదివేవాళ్లెవరు? ఉద్యోగం మానలేనివాళ్లు, పిల్లల్ని వదిలి వెళ్లలేనివాళ్లు, మంచం పట్టిన పెద్దవాళ్లని చూసుకునేవాళ్లు, చక్రాల కుర్చీలో ఉండి క్యాంపస్ మెట్లు ఎక్కలేనివాళ్లు. వాళ్లకి దొరికిన ఒక్క తలుపు ఇది. దాన్ని చూపించి "ఇది తలుపే కాదు" అని చెప్పడానికి నోరెలా వచ్చింది? గుర్తింపు లేని సంస్థలుంటాయి, డబ్బు గుంజుకుని కాగితం చేతిలో పెట్టేవీ ఉంటాయి, నిజం. చేరేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి అని చెప్పండి, అది పనికొచ్చే మాట. అందర్నీ ఒకే గాటన కట్టకండి.

ఆరోది. బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ వదిలాడు, జుకర్‌బర్గ్ కూడా అక్కడి నుంచే బయటికొచ్చాడు. వాళ్లు వదిలింది హార్వర్డ్‌ని, చేతిలో అప్పటికే పని మొదలైపోయి, వెనక్కి రావాలంటే దారి ఉండి. ఆ బిల్ గేట్సే 2015లో తన బ్లాగులో, నేను మధ్యలో మానేసినా అదృష్టం కలిసొచ్చింది, డిగ్రీ పూర్తిచేయడమే చాలా నమ్మకమైన దారి అన్న అర్థంలో రాశాడు. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. సరే, ఈ ఇంటర్నెట్‌ని కట్టినవాళ్ల సంగతి చూద్దాం. టీసీపీ ఐపీని రూపొందించినవాళ్లలో ఒకడైన వింట్ సెర్ఫ్ డాక్టరేట్ చేశాడు. వెబ్‌ని తయారుచేసిన టిమ్ బర్నర్స్ లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివి 1976లో పట్టా తీసుకున్నాడు. గూగుల్ పుట్టింది స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు పరిశోధక విద్యార్థుల ప్రాజెక్టుగా. వాళ్లు పీహెచ్‌డీ మధ్యలో ఆపారు, అవును, అప్పటికే మాస్టర్స్ చేతిలో ఉంది. మరి చదువు మధ్యలో మానేసి, ఏమీ కాలేక, అప్పు తీర్చుకుంటూ మిగిలిపోయినవాళ్ల పేర్లు ఈ మెసేజ్‌లో ఎందుకు లేవు? వాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు కాబట్టి.

ఇంకా ఘోరం ఆ "ఈరోజే" అన్న మాట. మాది సహా కొన్ని యూనివర్సిటీల్లో ప్రతి సెమిస్టర్‌కీ ఒక తేదీ ఉంటుంది. దానికి ముందు తప్పుకుంటే ఫీజు పడదు, మార్కుల పత్రంలో ఏమీ రాదు. అది దాటాక తప్పుకుంటే ఫీజూ పోతుంది, కొన్నిచోట్ల ఫెయిల్ కూడా పడొచ్చు. ఒక సెమిస్టర్ విరామం తీసుకునే వీలు ఉంటుంది. సబ్జెక్టుల సంఖ్య తగ్గించుకోవచ్చు. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు వేరే కోర్సుకి మార్చుకునే అవకాశం కూడా ఉండొచ్చు. ఇవేవీ కనుక్కోకుండా, తేదీ చూసుకోకుండా, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు రాసిన మాట పట్టుకుని ఓ రాత్రి కోపంలో తప్పుకుంటే ఆ నష్టం ఎవరు భరిస్తారు? నలుగురికి పంపి నాలుగు జీవితాలు కాపాడమన్న ఆ మనిషి వచ్చి ఫీజు కడతాడా?

ఈ మెసేజ్‌లో లేని ఒక మాట నేనే చెప్తాను, ఎందుకంటే అది నిజం. ఈ డిగ్రీ పేరు చెబితే ఇంటర్వ్యూలో చాలామందికి అర్థం కాదు. "అంటే నెట్‌వర్క్ కేబుల్సా?" అని నన్నే అడిగారు. పట్టా ఒక్కటే చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, చేసిన పని చూపించాలి, దాన్ని మొదటి ఏడాది నుంచే పోగు చేసుకోవాలి. ఇది మాకు ఎవరైనా చేరేరోజే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఆ మెసేజ్ రాసిన మనిషికి పని బాగా తెలుసు. పైన ఒక అంకె, చిన్న వాక్యాలు, ఒక భయం, చివర ఏం చేయాలో ఒక ఆజ్ఞ. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాల్ని ఎంఐటీవాళ్లు పరిశీలించి 2018లో ప్రచురించారు. అబద్ధాన్ని రీట్వీట్ చేసే అవకాశం నిజం కన్నా 70 శాతం ఎక్కువని తేలింది. బాట్‌ల, అంటే వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రాముల, లెక్క తీసేసి చూసినా తేడా అలాగే ఉంది, అంటే పంపింది మనుషులే. పిన్నీ, నువ్వు నా మంచి కోరే పంపావని నాకు తెలుసు. ఈసారి పంపేముందు ఒక్క ఫోన్ చెయ్యి, చాలు.

మా బ్యాచ్ ఆవిడకి నేను నిన్న ఆ తేదీ ఎప్పుడో, విరామం దరఖాస్తు ఎక్కడుందో చెప్పాను, ట్యూటర్‌తో మాట్లాడమన్నాను. మానేయొద్దని మాత్రం అనలేదు, అది ఆవిడ ఇల్లు, ఆవిడ నిద్ర, ఆవిడ డబ్బు. "శుక్రవారం లోపు చెప్తాను" అంది. అసైన్‌మెంట్ మాత్రం రాత్రి పన్నెండు దాటాక పంపించిందట.