ఇస్త్రీ మూటలో కంప్రెషన్ రేషియో

పిస్టన్ రింగులు మార్చడానికని మెకానిక్ మా వంద సీసీ బండి ఇంజన్ విప్పి పరిచిన రోజున, స్ట్రోక్ (పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం) ఎక్కువ ఉన్న ఇంజనుకే కంప్రెషన్ (లోపలి గాలీ పెట్రోలూ నొక్కుకుపోయే మోతాదు) ఎక్కువని మా బావమరిది తీర్పు చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. పిస్టన్ కింది నుంచి పైకి ఊడ్చుకొచ్చే చోటు ఎంతన్నది సగం లెక్కే; అది పైకంటా వచ్చాక దాని నెత్తిన మిగిలే ఇరుకు చోటు ఎంతన్నది మిగతా సగం. ఆ రెండింటినీ కూడి, మిగిలిన ఇరుకు చోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. మా బండికి బోరు, అంటే పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5 గనుక పిస్టన్ ఊడ్చేది 97.2 సీసీ. బండి పుస్తకంలో రేషియో 9 అని ఉంది కాబట్టి పైన మిగలవలసింది 12 సీసీల చిల్లర, అంటే దగ్గుమందు మూతకు కాస్త ఎక్కువ.

ఆ ఇరుకు చోటు చాలావరకు సిలిండర్ పైమూత అయిన హెడ్డు గుంటలోనే ఉంటుంది గనుక, నూనె పోసి కొలిచి చూపిస్తానని హెడ్డు ఇంటికి తెచ్చాను. 10 మిల్లీలీటర్ల సిరంజి, దేవుడి గూట్లోని నువ్వుల నూనె, బెజ్జం పెట్టి అంచుకు గ్రీజు పూసిన మిఠాయి డబ్బా మూత సిద్ధమయ్యాయి. వాల్వుల కాడలు పొడుచుకు రావడంతో హెడ్డు వెల్లకిలా నిలవకపోతే, ఇస్త్రీకి కట్టిన బట్టల మూటను కుండకు కుదురులా అమర్చి కూర్చోబెట్టాను.

ఒక సిరంజి అయింది. రెండోదీ అయింది. గ్రీజు వేళ్లముద్రలతో మసకబారిన మూతలోంచి తొంగి చూస్తే నూనె జాడే లేదు. అయిదో సిరంజి ఖాళీ అయ్యాక లెక్కవేస్తే రేషియో 3 కూడా దాటలేదు. ఆ లెక్కన మా బండి ఇన్నాళ్లూ పెట్రోలుతో కాక ఇలవేల్పు దయతో నడిచిందనుకోవాలి. లోపల మసి పేరుకుని ఉంటుందన్నాడు బావమరిది. మసి పేరుకుంటే చోటు తగ్గి రేషియో పెరగాలి గాని తగ్గదని ఆ అవస్థలోనూ అతనికి వివరించాను.

ఫోన్ చేస్తే మెకానిక్ ఒక్కటే అడిగాడు. "ప్లగ్ బిగించారా సార్?"

హెడ్డు బెజ్జంలో బిగించి ఉండాల్సిన ఆ స్పార్క్ ప్లగ్ నా చొక్కా జేబులో ఉంది.

బిగించి మళ్లీ పోస్తే 10 దగ్గర నిండింది. మా పిస్టన్ నెత్తి చదును, పైకి వచ్చినప్పుడు సిలిండర్ అంచుతో సమంగా ఆగుతుంది. ఇక హెడ్డుకూ సిలిండర్‌కూ నడుమ వేసే మిల్లీమీటరు మందం గ్యాస్కెట్ ఆ బోరుకు దాదాపు 2 సీసీలు కలుపుతుంది గనుక మొత్తం 12. గెలిచిన ఉత్సాహంతో బావమరిది వైపు తిరిగాను. సాయంత్రం పెళ్లికి వేసుకోవలసిన తన తెల్ల లాల్చీని అతను మూటలోంచి రెండు వేళ్లతో పైకి లాగుతున్నాడు. అది దీపారాధనకు నానబెట్టిన వత్తిలా ఉంది.