షటర్ టీవీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ షటర్ టీవీ గారి సముఖమునకు, నల్లగొండ నుంచి రాయునది ఏమనగా, మీరు క్షేమం, నేనే ఆగమైన.

సరే, ఇంతవరకు మర్యాద చాలు, ఇగ ముచ్చటకొస్త. తలుపుల పెట్టెల కూసున్న పాత బ్లాక్ అండ్ వైట్ టీవీవి నువ్వు, నీ మీద తుపాకితో బాతులను కొట్టే వీడియో గేమ్ ఆడదామనుకున్న. అసలు నీ ఎనుక ఏమున్నది చెప్పు? రెండు స్క్రూలు. బొమ్మ తెచ్చే పసుపు ఏవీ పిన్ను పెడదామంటే జాగ లేదు, సౌండు తెచ్చే తెల్లది ఎర్రది సంగతి అడగనే వద్దు. యాంటెన్నా పట్టీ వైరు, ఆ 300 ఓమ్‌ల బద్ద, అదొక్కటే నీకు చుట్టం, మిగిలినోళ్లంత పరాయోళ్లు. గుండ్రటి కేబుల్ 75 ఓమ్‌లది కాబట్టి రెండింటి నడుమ బాలన్ అని చిన్న ముక్క పెట్టాలె, అది ప్రకాశం బజార్ల అడిగితే షాపాయన బెలూన్ అనుకొని బర్త్‌డే సామాన్ల దుకాణం పక్క గల్లీల ఉన్నదని దారి జూపెట్టిండు. ఆఖరికి కోఠి గుజరాతీ గల్లీల దొరికింది.

మా బావ జపాన్ నుంచి ఫ్యామికామ్ అనే వీడియో గేమ్ డబ్బా తెచ్చిండు, 1983ల వచ్చిన మోడలే, దానికి గూడ ఏవీ పిన్ను లేదు, ఆర్‌ఎఫ్, అంటే యాంటెన్నాకు వచ్చేటి రేడియో తరంగం, ఒక్కటే. నీక్కూడ ఆర్‌ఎఫ్ ఒక్కటే వస్తది కదా, ఇద్దరికి మంచిగ కుదురుతదనుకుంటరు ఎవరైనా. కుదరదు! అది పంపేది జపానోళ్ల 1, 2 ఛానెళ్లల్ల, అంటే 91, 97 మెగాహెర్ట్జ్ దగ్గర, మన దగ్గర ఆ జాగల ఎఫ్‌ఎం రేడియో పాటలొస్తయి. నీ ట్యూనర్ ఏమో 68 దాక పోయి ఆగుతది, మల్ల 174 కాడ లేస్తది, నడుమ ఏం జరిగినా నీకు పట్టదు. ఒకవేళ బొమ్మ ఎట్లనో దొరికినా సౌండ్ రాదు, ఎందుకంటే వాళ్లు సౌండును బొమ్మకు 4.5 మెగాహెర్ట్జ్ దూరంల పెడతరు, నువ్వు 5.5 కాడనే చెవి పెట్టి కూసుంటవ్. ఏవీ బొమ్మను రేడియో తరంగం జేసే మాడ్యులేటర్లు ఆన్‌లైన్ల చూస్తే, నాకు కనబడ్డయి యూహెచ్‌ఎఫ్ అనే పై బ్యాండుల 36వ ఛానెల్ దగ్గర ఇస్తయి, నీకు వీహెచ్‌ఎఫ్ అనే కింది బ్యాండు దాటితే లోకమే లేదు.

ఇగ ఏం జేసినమంటే, గేమ్ డబ్బా విప్పి లోపలికెల్లి ఏవీ లైను తీయించి, కేబులాయన మూలకు పడేసిన పాత మాడ్యులేటర్‌ను బతిమాలి తెచ్చి, అందుల పోసి, దాన్ని మల్ల రేడియో తరంగం జేసి, బాలన్ పెట్టి నీ స్క్రూలకు బిగించినం. అంటే డబ్బా దగ్గర తయారుగున్న బొమ్మ, టవర్ మీదకెల్లి దూరదర్శన్ పంపినట్టు వేషమేసుకొని నీ ముంగటికి రావాలె, అప్పుడు నువ్వు ఆ వేషం విప్పి అదే బొమ్మ చూపిస్తవ్. పక్క టేబుల్ మీదున్న కాగితాన్ని గూడ తపాల్ల వేసి పంపమనే మండలాఫీసు క్లర్కువి నువ్వు. పైగా ఆ దూరదర్శన్ అనలాగ్ టవర్లు 2022 నాటికి దాదాపు అన్నిచోట్ల బంద్ జేసిన్రు, నువ్వు ఎవల కోసం ఎదురుచూస్తున్నవో నాకైతే సమజైతలేదు.

డైరెక్టుగ నీ లోపల వీడియో లైనుకు వైరు అతికిద్దామని ఒకాయన సలహా ఇచ్చిండు. అక్కడ బయటపడ్డది నీ అసలు గుణం. నీ లాంటి పాతోళ్లు శానామంది చాసిస్‌నే, అంటే లోపలి ఇనుప చట్రాన్నే, కరెంటు లైనుకు కలుపుకొని కూసుంటరు, కరెంటు లైనును విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండ అక్కడ వైరేస్తే పోరగాని చేతిలున్న కంట్రోలర్ దాక 230 వోల్టులు వస్తయి. స్విచ్ తీసినంక గూడ పిక్చర్ ట్యూబుల ఛార్జి దాచుకుంటవ్. ఇంట్ల పెట్టుకునే మనిషివేనా నువ్వు?

ఒక్క విషయంల మాత్రం నిన్ను మెచ్చుకోవాలె. మనది పాల్, జపానోళ్లది ఎన్‌టీఎస్‌సీ అని కలర్ పద్ధతుల మీద పెద్ద పెద్ద కలర్ టీవీలు కొట్లాడుకుంటుంటే నువ్వు బ్లాక్ అండ్ వైట్‌వి కాబట్టి ఆ కలర్ పంచాయతీల తలే పెట్టవ్. నీకు సెకనుకు 50 సార్లు గీసుడే అలవాటు, జపానోళ్ల 60 హెర్ట్జ్ బొమ్మ పైకి పాకుతుంటే, బొమ్మను జారకుండ పట్టే వర్టికల్ హోల్డ్ బుడిపె కొంచెం తిప్పినం, ఆగిపోయింది, బొమ్మ కొంచెం పొట్టిగైంది అంతే.

మా అల్లుడు "మామా, ఎల్‌ఈడీ టీవీకి పెడితే అయిపోవు కదా" అంటడు. అరే, దాని మీద ఈ గేమ్ తుపాకి పనిచేయదురా! ట్రిగ్గర్ గుంజంగనే స్క్రీన్ ఒక్క క్షణం నల్లగైతది, తర్వాత బాతు ఉన్న జాగల తెల్ల డబ్బా మెరుస్తది, తుపాకి మూతిల ఉన్న సెన్సార్ ఆ మెరుపునే పట్టుకుంటది. ఎల్‌ఈడీ బొమ్మను సర్దుకొని సదురుకొని ఆలస్యంగ చూపించేవరకు తుపాకి గురి తప్పిందనుకుంటది. నీకు ఆ సర్దుకునుడు చేతగాదు, వచ్చింది వచ్చినట్టే గీస్తవ్, అందుకే ఇంత తిట్టుకుంట గూడ నీ కాళ్లే పట్టుకున్న.

కాబట్టి తమరితో మనవి ఏమంటే, గంటసేపు వేడెక్కినంక ఆ వర్టికల్ హోల్డ్ మల్ల జారుతున్నది, బాతులన్నీ పైకప్పులకు పోతున్నయి, కనీసం ఈ లెవెల్ అయ్యేదాకనన్న జర పట్టుకో.

ఇట్లు,
మూడో లెవెల్ల ఆగిపోయినోడు