సవరణ: హైదరాబాద్ మెట్రోను కట్టింది కియోలిస్ కాదు

హైదరాబాద్ మెట్రోను కట్టింది ఫ్రెంచ్ కంపెనీ కియోలిస్ అని మొన్న రాశాను. అది తప్పు. పిల్లర్లు, పట్టాలు, స్టేషన్లు ఎల్ అండ్ టీ కట్టించినవి. 2012లో కియోలిస్‌కు దక్కింది రైళ్లు నడిపే, నిర్వహణ చూసే కాంట్రాక్టు. ఈ తేడా చిన్నది కాదు. టికెట్ ధర పెరిగిందని కియోలిస్‌ను తిడితే అన్యాయం, ఎందుకంటే ధర నిర్ణయించేది అది కాదు. రైలు టైముకు రాకపోతే మాత్రం అడగాల్సిందే.

కియోలిస్‌ను పూర్తి ప్రైవేటు సంస్థ అనడమూ సరికాదు. 70 శాతం వాటా ఫ్రాన్స్ ప్రభుత్వ రైల్వే ఎస్‌ఎన్‌సీఎఫ్‌ది.

ఇంకో సవరణ, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ట్రాముల గురించి. 2009 నుంచి కియోలిస్ భాగస్వామ్యంలో నడిచాయి కానీ, 2024 డిసెంబరు 1న ట్రాన్స్‌డెవ్, జాన్ హాలండ్ అనే కంపెనీల ఉమ్మడి సంస్థ చేతికి వెళ్లాయి. అక్కడుంటున్న మనవాళ్లు చెప్తే సరిచూసుకున్నాను. వాళ్లకు థాంక్స్. పాత పోస్టులోనూ మార్చాను.