పవర్ స్టీరింగ్ పైపుకు రెండు క్లిప్పులు చాలవు

మా పాలమూరు డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక వీడియో తిరుగుతోంది. పాత వ్యాన్‌కు పవర్ స్టీరింగ్ పైపు లీకైతే కొత్తది కొనక్కర్లేదట. లీకున్న చోట కోసి, మధ్యలో ఇనుప గొట్టం ముక్క పెట్టి, రెండు వైపులా క్లిప్పులు బిగించి, పైన ఎమ్‌సీల్ రుద్దితే చాలట. తగ్గిన ఆయిల్‌కు బదులు బ్రేక్ ఆయిల్ పోయొచ్చట. ఆయిల్ మొత్తం పోతే స్టీరింగ్ లాకై బండి పల్టీ కొడుతుందని చివర్లో ఒక బెదిరింపు కూడా ఉంది.

మొదట క్లిప్పుల సంగతి. స్టీరింగ్‌కు రెండు పైపులుంటాయి. పంపు నుంచి స్టీరింగ్‌కు ఆయిల్‌ను తోసేది ప్రెషర్ పైపు, అక్కడి నుంచి ఆయిల్ డబ్బాకు తిరిగొచ్చేది రిటర్న్ పైపు. వీడియోలో కోసింది రిటర్న్ పైపు. అది కంపెనీ నుంచే క్లిప్పులతో వస్తుంది, అందులో ఒత్తిడి కొంచెమే. ఆయిల్‌కు తట్టుకునే రబ్బరు పైపు వేసి క్లిప్పు బిగిస్తే నిలుస్తుంది, నిజమే. కానీ వీడియోలో చెప్పేవాడు “ఏ పైపైనా ఇంతే” అంటాడు. మనం టైర్లో పెట్టే గాలి 35, 40 పౌండ్లు. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ప్రెషర్ పైపులో 1000 పౌండ్లు దాటుతుంది. దాని చివర్లు ఇనుప కప్పులతో నొక్కి ఉండేది ఊరికే కాదు.

ఇది నేను చదివి చెప్తున్న మాట కాదు. నాది పాత వింగర్ వ్యాన్. శివరాత్రికి జనాన్ని ఎక్కించుకొని శ్రీశైలం బయల్దేరే ముందు రోజు ప్రెషర్ పైపు చెమ్మగిల్లింది. ఒక షెడ్డులో ఇదే క్లిప్పుల వైద్యం చేయించాను. అచ్చంపేట దాటాం, మన్ననూరు దాటాం, చుక్క కూడా కారలేదు. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్‌కు పనెక్కడిది? దోమలపెంట దాటి ఘాట్ దిగుతుంటే, మలుపులో స్టీరింగ్ చక్రం మొత్తం తిప్పగానే పైపు ఊడింది. ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడి పొగ లేచింది. అది మంట కాలేదు, అంతే. వెనక కూర్చున్న ముసలమ్మలు మల్లన్నను తలుచుకున్నారు, నేను ఆ మిస్త్రీని తలుచుకున్నాను.

స్టీరింగ్ మాత్రం లాక్ కాలేదు. చక్రానికీ టైర్లకూ ఇనుప లంకె ఉంటుంది, ఆయిల్ పోతే సాయం పోతుంది గానీ లంకె తెగదు. బరువుగా, రెండు చేతులా గుంజి బండిని పక్కకు తీశాను. అయితే ఆయిల్ లేకుండా అలాగే నడిపితే పంపు పాడవుతుంది. పంపుకు తడి ఆ ఆయిలే మరి.

బ్రేక్ ఆయిల్ పోయమనడం అన్నిటికంటే చెడ్డ సలహా. అది ఈ ఆయిల్ జాతిది కాదు. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. అప్పుడు ఒక్క పైపు ఖర్చు కాస్తా పంపు, సీళ్ల ఖర్చవుతుంది. చాలా బండ్లకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్లకు వాడే ఆయిల్) సరిపోతుంది, కానీ అన్నిటికీ కాదు. డబ్బా మూత మీద ఏది రాసుంటే అదే పోయాలి.

ఎమ్‌సీల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఆయిల్ జిడ్డుకు అంటదు, వంగే పైపు మీద పగులుతుంది.

ఆ వీడియోలో ఇంజిన్ నడుస్తుండగా లీకును వేలితో తడిమి చూపించాడు. దయచేసి అది చేయకండి. అంత ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మంలోకి దిగుతుంది. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడాలి.

కొత్త పైపు దొరకకపోతే? జేసీబీలకు, బోరు బండ్లకు పైపులు ప్రెస్ చేసే షాపుకు పాతది విప్పి తీసుకెళ్లండి. పవర్ స్టీరింగ్‌కని, వేడికీ ఒత్తిడికీ తట్టుకోవాలని ముందే చెప్పండి. పాత చివర్లకే కొత్త రబ్బరు వేసి ప్రెస్ చేస్తారు. బిగించేటప్పుడు వాషర్లు, ఓ-రింగులు కొత్తవి వేయించండి. పాతవి పెట్టి టెఫ్లాన్ టేపు చుడితే మళ్లీ కారుతుంది.

తర్వాత ముందు టైర్లు జాకీతో లేపి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పది పదిహేను సార్లు తిప్పుతూ ఆయిల్ పోయాలి. డబ్బాలో బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి. అప్పటికీ పంపు మూలిగితే లోపల ఇంకా గాలి ఉన్నట్టే, మళ్లీ తిప్పండి.