కోడ్ పట్టా ఎవరి పేరు మీద ఉంది?

ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్, అందరి సొత్తు అని మనవాళ్లలో ఓ గట్టి నమ్మకం. అందరూ వాడుకోవచ్చు, అంతవరకు నిజం. అందరి సొత్తు మాత్రం కాదు. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో కనిపించే కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది, ఆ కాపీరైట్‌కు యజమాని ఉంటాడు. ఎంఐటీ, అపాచీ, జీపీఎల్ అని మనం వల్లించే లైసెన్సులన్నీ ఆ యజమాని ఇచ్చిన అనుమతి పత్రాలే. మనం కౌలుదార్లం, పట్టా ఇంకొకరి పేరు మీద ఉంది. ఇప్పటికే చేతికొచ్చిన పంటను ఎవరూ లాక్కోలేరు కానీ, వచ్చే ఏటి షరతులు రాసేది పట్టాదారే. ఏ లైసెన్స్ గొప్పదో తెల్లవార్లూ వాదించుకునే డెవలపర్లు పట్టా సంగతి అడగరు. నా గొడవంతా అదే.

టెర్రాఫామ్‌నే తీసుకోండి. క్లౌడ్ సర్వర్లను కోడ్ రాసి ఏర్పాటు చేసుకునే టూల్ అది, క్లౌడ్ పని చేసేవాళ్లకు దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దాదాపు తొమ్మిదేళ్లు ఎంపీఎల్ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద నడిచిన ఆ టూల్‌ను 2023 ఆగస్టు 10న హషికార్ప్ కంపెనీ ఒకే ఒక్క ప్రకటనతో బిజినెస్ సోర్స్ లైసెన్స్ కిందకు మార్చేసింది. కోడ్ చూడొచ్చు, మీ ఆఫీసులో వాడుకోవచ్చు, కానీ మాకు పోటీగా సేవ పెట్టకూడదన్నది కొత్త షరతు. ఎంపీఎల్ నిబంధన ప్రకారం ఆ ఫైళ్లను మార్చి పంచేవాళ్లు వాటిని మళ్లీ ఎంపీఎల్ కిందే ఇవ్వాలి. మరి బయటి ప్రోగ్రామర్లు రాసిచ్చిన భాగాలను కంపెనీ వేరే లైసెన్స్ కిందకు ఎలా తీసుకెళ్లింది?

సమాధానం సీఎల్‌ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అని, కోడ్ ఇచ్చేవాళ్లతో చేయించుకునే ఒప్పందంలో ఉంది. ఒక ప్రాజెక్టుకు మీరు మొదటిసారి పుల్ రిక్వెస్ట్ (నా మార్పులు కలుపుకోండి అన్న వినతి) పంపగానే ఓ బాట్, అంటే ఆటోమేటిక్ ప్రోగ్రామ్, వచ్చి, ఈ పత్రం మీద సంతకం చేస్తేనే ముందుకెళ్తాం అంటుంది. లింక్ నొక్కుతారు, గిట్‌హబ్ ఖాతాతో లాగిన్ అవుతారు, అంగీకరిస్తున్నాను అని టిక్ పెడతారు. ఎర్ర గుర్తు పచ్చగా మారుతుంది. మనసంతా కోడ్ ఎప్పుడు మెర్జ్ అవుతుందా అన్న టెన్షన్ మీదే ఉంటుంది, పత్రం ఎవరు చదువుతారు? కాపీరైట్ మీ దగ్గరే ఉంటుందని అందులో మర్యాదగానే రాస్తారు. ఆ కిందే, మీ కోడ్‌ను శాశ్వతంగా, ప్రపంచంలో ఎక్కడైనా వాడుకునే, ఇతరులకు సబ్‌లైసెన్స్ చేసే (తిరిగి లైసెన్స్ ఇచ్చే) హక్కు కంపెనీకి ఇస్తున్నానని ఉంటుంది. పట్టా మీ పేరునే ఉంచి జీపీఏ రాయించుకోవడం అంటే ఇదే.

డేటాను వేగంగా అందించే డేటాబేస్ రెడిస్ విషయంలో ఆ సంతకం అవసరం కూడా పడలేదు. అది నడిచిన బీఎస్‌డీ లైసెన్స్ అంత వదులుగా ఉంటుంది మరి, ఆ కోడ్‌ను తీసుకుని ఎవరైనా తమ షరతులు పెట్టుకోవచ్చు. రెడిస్ కోర్ ఎప్పటికీ బీఎస్‌డీ కిందే ఉంటుందని 2018లో చెప్పిన కంపెనీ 2024 మార్చి 20న మాట మార్చి, ఆంక్షలున్న లైసెన్స్‌కు వెళ్లింది. ఎనిమిది రోజుల్లో లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కింద, పాత కోడ్ నుంచే వాల్కీ అనే ప్రత్యామ్నాయం పుట్టింది. 2025 మేలో రెడిస్ మళ్లీ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఆప్షన్ ఇచ్చి తిరిగొచ్చింది, సంతోషం. కానీ వెళ్లేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ కోడ్ రాసిన బయటివాళ్ల అనుమతి దానికి అక్కర్లేకపోయింది.

కంపెనీల బాధ కూడా అబద్ధం కాదు. జీతాలిచ్చి ఏళ్ల తరబడి రాయించిన సాఫ్ట్‌వేర్‌ను పెద్ద క్లౌడ్ సంస్థలు తెచ్చుకుని, సేవగా అమ్ముకుని, పైసా ఇవ్వకపోతే కడుపు మండుతుంది. అయితే ఆ లైసెన్స్‌ను ఎంచుకున్నది వాళ్లే. ఉచితం అన్న పేరుతోనే వాడకం పెరిగింది, ఆ వాడకం చూపించే పెట్టుబడులు వచ్చాయి. హషికార్ప్‌ను 640 కోట్ల డాలర్లకు కొంటామని 2024 ఏప్రిల్‌లో ఐబీఎం ప్రకటించింది. బాట్ అడిగిన చోట టిక్ పెట్టినవాళ్లకు అందులో దక్కిందేమిటి?

ఇప్పుడు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నెల్ వైపు చూడండి. అక్కడ సీఎల్‌ఏ లేదు. ప్యాచ్ (కోడ్ మార్పు) పంపేవారు దాని కింద 'సైన్డ్ ఆఫ్ బై' అని తమ పేరు, ఈమెయిల్ రాస్తారు, అంతే. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, ఈ లైసెన్స్ కింద ఇస్తున్నాను అన్న హామీ అది. 2004 నుంచీ ఇదే పద్ధతి. కాపీరైట్ వేలాదిమంది ప్రోగ్రామర్లు, వాళ్ల కంపెనీల మధ్య చెల్లాచెదురుగా ఉంది. రేపు కెర్నెల్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ మనసు మారి కెర్నెల్‌ను జీపీఎల్ రెండో వెర్షన్ నుంచి బయటకు తెద్దామనుకున్నా ఆయన వల్ల కాదు. అందరినీ వెతికి ఒప్పించాలి, అందులో చనిపోయినవాళ్ల వారసులూ ఉంటారు. వ్యాపారులకు ఇది తలనొప్పిలా కనిపిస్తుంది. నా దృష్టిలో కెర్నెల్‌కు ఉన్న అసలు కోటగోడ ఇదే. లైసెన్స్ దానికి వేసిన తలుపు మాత్రమే.

మన చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి యజమాని కంపెనీయే. మాదాపూర్‌లో పగలంతా రాసేది మనది కాదని అందరికీ తెలుసు. శనివారం ఇంట్లో రాసి ఓపెన్ సోర్స్‌కు ఇచ్చేది కూడా మనదో కాదో అపాయింట్‌మెంట్ పేపర్లు తీసి చూస్తే గానీ తెలియదు. ఫ్రీలాన్సర్ రాసిస్తే కథ తిరగబడుతుంది. డబ్బులిచ్చినంత మాత్రాన హక్కు రాదు, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. ఆ కాగితంలో కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ సెక్షన్ 19 లెక్కగడుతుంది. సొంత యాప్ అని చెప్పుకునే చిన్న స్టార్టప్‌లు ఎన్ని ఈ పరీక్షకు నిలబడతాయో!

అందరికంటే ముందు ఈ పరీక్ష పెట్టాల్సింది ప్రభుత్వాలకు. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబరులో మొదలైంది. ప్రైవేటు సంస్థ చేతిలో ఉన్న దాని నిర్వహణ 2024లో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీకి వెళ్లింది, ఆ తర్వాత దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఇన్నేళ్లూ డేటా ఎవరి చేతిలో ఉందని పార్టీలు కొట్టుకున్నాయి, మంచిదే. ఆ డేటాను నడిపించే కోడ్ ఎవరిదని అడిగిన గొంతులు బహు తక్కువ. రిజిస్ట్రేషన్ కుదరని భూముల నిషేధిత జాబితాలో ఒక సర్వే నంబరు ఎందుకు పడిందో, ఏ నియమం దాన్ని అక్కడికి నెట్టిందో చివరికి చెప్పగలిగేది ఆ కోడే. రైతు దాకా ఎందుకు, తహసీల్దారుకైనా అది కనపడదు కదా.

ప్రభుత్వం తయారు చేయించిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, ప్రభుత్వమే తొలి యజమాని అని అదే సెక్షన్ 17 అంటోంది. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ తెరవాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. 2020 మేలో ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను బయటపెట్టింది కూడా. జనం ఒత్తిడి చేస్తే ఇలాంటివి జరుగుతాయి. కాబట్టి పౌరుల రికార్డులను ముట్టుకునే ప్రతి పోర్టల్ టెండర్‌లోనూ కాపీరైట్ ప్రభుత్వానిదేనని, సోర్స్ కోడ్ జీపీఎల్ లాంటి లైసెన్స్ కింద ప్రజలకు అందుతుందని రెండు వాక్యాలు ఉండి తీరాలి. పాత కాంట్రాక్టుల్లో హక్కుల గురించి ఏం రాసుకున్నారో చెప్పే పేజీలను ఆర్టీఐ దరఖాస్తుల దాకా లాగకుండా అదే పోర్టల్‌లో పెట్టాలి. భూభారతితోనే మొదలుపెట్టొచ్చు.