ఫ్లారెన్స్‌కి ఒక్క పూటేనా?

సమ్మర్ సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల నిండా యూరప్ ప్యాకేజీల పీడీఎఫ్‌లే. ఏది తెరిచినా ఇటలీ పేజీలో అదే వరస. పొద్దున పీసా, మధ్యాహ్నం ఫ్లారెన్స్, రాత్రికి రోమ్ వెళ్లే దారిలో ఎక్కడో ఇండియన్ డిన్నర్. పీసాలో ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటోలు దిగడానికి గంటన్నర ఇస్తారు. ఫ్లారెన్స్‌కి మహా అయితే రెండు గంటలు. అందులో బస్సు దిగిన చోటి నుంచి ఊళ్లోకి నడిచి వెళ్లి రావడానికే సగం టైమ్ అయిపోతుంది. మిగిలిన దాంట్లో ఒక చర్చి ముందు సెల్ఫీ, ఒక బ్రిడ్జి మీద సెల్ఫీ, ఒక ఐస్‌క్రీం. ఇంటికొచ్చాక మాత్రం "ఫ్లారెన్స్‌లో ఏముందండీ, అన్నీ చర్చిలూ బొమ్మలేగా" అని తీర్పు చెప్పేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నిజంగా ఒక్క పూటే దొరికితే ఫ్లారెన్స్ వదిలేయండి, ఆ పూట రోమ్‌లోనో వెనిస్‌లోనో ఇంకాస్త తీరిగ్గా గడపండి. వెళ్లాలనుకుంటే కనీసం రెండు రాత్రులు ఊళ్లోనే ఉండండి. రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంటన్నర. స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉంది, అక్కణ్ణుంచి అన్నీ నడక దూరమే. జర్మనీ నుంచో ఫ్రాన్స్ నుంచో కారేసుకుని వచ్చే మన పిల్లలకి ఒక మాట: పాత ఊళ్లోకి బయటి కార్లకి పర్మిషన్ లేదు. జెడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది, కెమెరా ఉంటుంది, ఆపేవాడు ఎవడూ ఉండడు. కొన్ని నెలల తర్వాత ఇంటికి జరిమానా కాగితం వస్తుంది.

టికెట్ల సంగతి చెప్పాలంటే, తిరుమల మూడొందల రూపాయల దర్శనం స్లాట్ బుక్ చేసుకున్నట్టే ఇక్కడా ముందే చేసుకోవాలి. ఉఫీత్సి చిత్రాల గ్యాలరీకి, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకడెమియా మ్యూజియానికి, ఊరి పెద్ద చర్చి డువోమో గోపురం ఎక్కడానికి, మూడింటికీ టైమ్ స్లాట్లే. అఫీషియల్ సైట్లలోనే కొనండి. గూగుల్‌లో పైన కనబడే సైట్లలో చాలా వరకు అదే టికెట్‌ని ఎక్కువ రేటుకి అమ్మేవే. సోమవారం ఉఫీత్సి, అకడెమియా రెండూ మూసేస్తారు. మన టూర్ వాళ్లు సరిగ్గా సోమవారమే ఎందుకు తీసుకెళ్తారో నాకు అర్థం కాదు. లోపలికి తీసుకెళ్లే ఉద్దేశం ఎలాగూ లేదు కాబట్టి వాళ్లకి ఏ వారమైనా ఒకటేనేమో!

డువోమో లోపలికి ఎంట్రీ ఫ్రీ. అందుకే క్యూ చర్చి చుట్టూ తిరిగి వస్తుంది. బయట ఆ తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగు పాలరాళ్లు చూసిన కళ్లకి లోపల చాలా బోసిగా కనిపిస్తుంది. పైగా అంతా ఎగబడి ఫొటో తీసే ఆ ముందు గోడ 1887లో పూర్తయింది, చర్చి మొదలైంది మాత్రం 1296లో. నన్నడిగితే ఆ క్యూలో నిలబడే గంటని చర్చి వెనకున్న డువోమో మ్యూజియంలో గడపండి. డువోమో ఎదురుగా ఉన్న బాప్టిస్ట్రీ (బాప్టిజం ఇచ్చే భవనం) తలుపుల ముందు జనం తోసుకుంటూ ఫొటోలు తీసేది నకలుని. శిల్పి గిబెర్తి ఇరవై ఏళ్లకు పైగా కష్టపడి చేసిన అసలు బంగారు పూత తలుపులు ఈ మ్యూజియంలో ఉన్నాయి. మైకెలాంజెలో ముసలితనంలో తన సమాధి కోసమని చెక్కడం మొదలుపెట్టి, విసుగొచ్చి తనే సుత్తితో పగలగొట్టిన పియెతా (సిలువ నుంచి దించిన క్రీస్తు దేహం శిల్పం) కూడా ఇక్కడే ఉంది. క్రీస్తుకి ఎడమ కాలు లేదు, చూడండి.

గోపురం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని "ఇంకొంచెమే, ఇంకొంచెమే" అంటూ ఎక్కించకండి. దారి ఇరుకు, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. కేవలం వ్యూ కోసమే అయితే పక్కనున్న జొట్టో టవర్ ఎక్కండి, అక్కడి నుంచి గోపురం కూడా కనిపిస్తుంది. గోపురం ఎక్కాల్సింది ఆ కట్టడం కోసం. అది లోపల ఒకటి, బయట ఒకటి, రెండు పొరలుగా ఉంటుంది. మెట్లు ఆ రెంటి మధ్య నుంచే వెళ్తాయి. 40 మీటర్లకు పైగా వెడల్పున్న ఖాళీ మీద, కింది నుంచి చెక్కల ఊతం లేకుండా, 1420 నుంచి 1436 దాకా ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోయాడు బ్రూనెలెస్కి. ఎక్కేటప్పుడు గోడ పక్కగా చూస్తే కొన్ని ఇటుకలు అడ్డంగా, కొన్ని నిలువుగా చేప ముల్లులా అల్లినట్టు కనిపిస్తాయి. సున్నం ఆరే లోపు పై వరస జారిపోకుండా పట్టి ఉంచింది ఆ అల్లికే. సివిల్ ఇంజినీర్లు ఎవరైనా మీ గ్రూపులో ఉంటే వాళ్లని అక్కణ్ణుంచి కదిలించడం కష్టం.

ఈ బ్రూనెలెస్కి కథలో అసలు మలుపు బార్జెల్లో మ్యూజియంలో ఉంది. ఉఫీత్సి ముందు గంటల కొద్దీ నిలబడే జనం దీని వైపు చూడను కూడా చూడరు. 1401లో బాప్టిస్ట్రీ తలుపుల పని ఎవరికివ్వాలో తేల్చడానికి పోటీ పెట్టారు. ఇచ్చిన ఘట్టం అబ్రహాం తన కొడుకుని బలి ఇవ్వబోవడం, మనకి బక్రీద్ ద్వారా తెలిసిన కథే. చివరికి పోటీ గిబెర్తి, బ్రూనెలెస్కిల మధ్య మిగిలింది. ఆ రెండు కంచు పలకలూ ఇక్కడ ఒకే గోడకి ఉన్నాయి. బ్రూనెలెస్కి పలకలో దేవదూత దూసుకొచ్చి అబ్రహాం మణికట్టు పట్టేసుకుంటాడు, కత్తి దాదాపు గొంతు దగ్గరుంది. చూస్తుంటే టెన్షన్ వస్తుంది. గిబెర్తి పలకలో అంత హడావుడి లేదు. దేవదూత ఇంకా గాల్లోనే ఉన్నాడు, కొడుకు ఒళ్లు పాత రోమన్ శిల్పంలా నునుపుగా తిరిగి ఉంది. గిబెర్తికి కంచు కూడా తక్కువ పట్టింది. పని ఆయనకే దక్కింది. నా ఓటు మాత్రం బ్రూనెలెస్కికే. ఓడిపోయినాయన తర్వాత కట్టడాల మీద పడి, ఆ బాప్టిస్ట్రీకి ఎదురుగానే ఊరంతా కనిపించే గోపురం లేపాడు. ఈ రెండు పలకల ముందు పది నిమిషాలు నిలబడి వెళ్తే, బయట బాప్టిస్ట్రీ తలుపులు, ఆ గోపురం వేరేగా కనిపిస్తాయి.

డేవిడ్ గురించి. సిన్యోరియా చౌక్‌లో పాత టౌన్‌హాల్ ముందున్నది నకలు. అసలుది 1873లో అకడెమియాకి తరలించారు. ఆ నకలు కింద నిలబడి "మైకెలాంజెలో డేవిడ్‌తో నేను" అని స్టేటస్ పెట్టేవాళ్లని ఆపలేం. అయితే ఆ నకలు కూడా దండగేం కాదు. 1504లో అసలు విగ్రహాన్ని నిలబెట్టింది సరిగ్గా అక్కడే. మా మీదికొస్తే ఊరుకోం అని అప్పటి ఫ్లారెన్స్ రిపబ్లిక్ చెప్పుకున్న మాట అది. అకడెమియాలో అది కేవలం గొప్ప శిల్పం. వేరేవాళ్లు మొదలుపెట్టి చెడగొట్టి ఏళ్ల తరబడి పడేసిన రాయి నుంచి, 26 ఏళ్ల కుర్రాడు 5 మీటర్ల మనిషిని బయటికి తీశాడు.

కానీ అకడెమియాలో నన్ను కట్టిపడేసేది డేవిడ్ కాదు. ఆయన దగ్గరికి వెళ్లే దారికి అటూ ఇటూ ఉన్న ఖైదీల శిల్పాలు. మైకెలాంజెలో సగంలో వదిలేసినవి. జనం ఫోన్లు పైకెత్తి డేవిడ్ వైపు నడుస్తూ వీటిని దాటుకుపోతారు. ఒక్కసారి ఆగి పక్క నుంచి చూడండి. పొట్ట, తొడ పూర్తయ్యాయి, తల ఇంకా రాయిలోనే ఉంది. రాయి మీద పళ్ల ఉలి గీతలు దువ్వెనతో దువ్వినట్టు అలాగే ఉన్నాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో వెయిల్డ్ రెబెక్కా ముందు నిలబడి "రాతిలో అంత పల్చటి ముసుగు ఎలా చెక్కాడ్రా" అని నోరెళ్లబెట్టిన వాళ్లమే కదా మనం. అదీ ఇటలీ శిల్పి పనే. అక్కడ పని ఎలా జరిగిందో ఎక్కడా కనబడదు. ఇక్కడ కనబడేదంతా పనే.

ఉఫీత్సి గురించి అందరూ చెబుతారు కాబట్టి తక్కువ చెబుతాను. అంతా చూడాలని పంతం పట్టకండి, రెండో గంటకే కాళ్లు పీకుతాయి, మూడో గంటకి మేరీమాతలందరూ ఒకేలా కనిపిస్తారు. బొట్టిచెల్లి గది, లియొనార్డో బొమ్మలు, కారవాజ్జో గీసిన మెదూసా, ఆర్తెమీజియా జెంతిలెస్కి గీసిన జూడిత్ చాలు. ఈ సొత్తంతా ఇంకా ఊళ్లోనే ఉండటానికి కారణం ఊరిని ఏలిన మెదీచీ వంశంలో చివరామె ఆన్నా మరియా లుయీజా. ఊరు వేరే రాజవంశం చేతికి వెళ్తున్నప్పుడు, 1737లో, తమ సేకరణలో ఒక్క వస్తువు కూడా ఫ్లారెన్స్ దాటకూడదని ఒప్పందం రాయించుకుంది. లేకపోతే ఇవాళ ఇవన్నీ వియన్నాలో చూడాల్సి వచ్చేదేమో.

ఇక ఏ ప్యాకేజీలోనూ ఉండని సంగతి. ఫ్లారెన్స్‌లో గొప్ప బొమ్మలు చాలానే మ్యూజియంలో కాదు, వాటిని ఏ చర్చి కోసం గీశారో అక్కడే ఉన్నాయి. పోంతే వెక్కియో బ్రిడ్జి మీద నగల షాపుల ముందు ఇసకేస్తే రాలనంత జనం. అక్కడికి రెండు నిమిషాల నడకలో శాంతా ఫెలీచితా చర్చిలో పొంతోర్మో గీసిన క్రీస్తు దేహాన్ని దించే బొమ్మ ముందు చాలాసార్లు పట్టుమని పదిమంది ఉండరు. గులాబీ, నీలం రంగులు మన పీచుమిఠాయి రంగుల్లా, ఐదొందల ఏళ్ల నాటివంటే నమ్మలేం. శాంతా త్రీనితా చర్చిలో గిర్లాందాయో గోడ చిత్రాలకి కూడా డబ్బులు అక్కర్లేదు. చిల్లర నాణేలు మాత్రం దగ్గర పెట్టుకోండి, డబ్బాలో వేస్తేనే లైటు వెలుగుతుంది. మధ్యాహ్నం చాలా చర్చిలు మూసేస్తారు, ఆ టైమ్‌లో తిండి పెట్టుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, ఆడామగా అందరూ.

నదికి అవతల కార్మినే చర్చిలో బ్రాంకాచ్చి చాపెల్‌కి ముందే బుక్ చేసుకోవాలి. ఆ శ్రమ ఊరికే పోదు. స్వర్గం నుంచి గెంటేసిన ఆడమ్, ఈవ్‌లని మసాచో అక్కడ 1420లలో గీశాడు. ఆడమ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఈవ్ తల పైకెత్తి నోరు తెరిచి ఏడుస్తోంది, కళ్లు రెండు నల్లటి గీతలు, అంతే. ఆ ఏడుపు వినబడుతుంది. తర్వాతి కాలంలో ఎవరో ఇద్దరికీ ఆకులు గీసి కప్పారు, 1980ల రిపేర్లలో అవి తీసేశారు. గీసినవాడు ముప్పై ఏళ్లు కూడా నిండకుండా పోయాడు. కుర్రతనంలో మైకెలాంజెలో ఈ గోడలు చూసి బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చేవాడు. తోటి కుర్రాణ్ణి ఏదో ఎగతాళి చేస్తే వాడు ఒక్కటి గుద్దాడు. ఆయన చిత్రపటాల్లో ముక్కు చప్పిడిగా కనిపిస్తుందే, ఆ గుద్దు చలవే.

తిండి విషయంలో మనవాళ్ల గోల వేరు. ఫ్లారెన్స్ ఉన్న తోస్కనా ప్రాంతంలో బ్రెడ్‌లో ఉప్పు వెయ్యరు. "చప్పగా తగలడింది" అని హోటల్ వాడి మీద విరుచుకుపడకండి, అక్కడ పద్ధతే అది. రిబొల్లీతా అని పాత బ్రెడ్, బీన్స్, ఆకుకూరలు వేసి ఉడికించే చిక్కటి సూప్ ఉంటుంది, సాధారణంగా మాంసం ఉండదు, అయినా అడిగి తినండి. బండి మీద అమ్మే లాంప్రెదొత్తో మాత్రం ఆవు పొట్ట, బోటీ లాంటిదే. తినని వాళ్లు పేరు గుర్తుపెట్టుకోండి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. బిల్లులో కొపెర్తో అని కనబడితే మోసం అనుకోకండి, అది టేబుల్ ఛార్జి.

రెండో రోజు సాయంత్రం ఖాళీ దొరికితే అందరూ మైకెలాంజెలో చౌక్‌కి సూర్యాస్తమయం చూడటానికి వెళ్తారు, బాగుంటుంది. నేనైతే నది వెంబడి పడమటికి కాషీనె పార్క్ చివరికి వెళ్లమంటాను. 1870లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ కొల్హాపూర్ మహారాజు రాజారాం ఫ్లారెన్స్‌లో చనిపోయాడు. ఆర్నో నదిలో ఇంకో వాగు కలిసే చోట, హిందూ పద్ధతిలో దహనం చెయ్యడానికి ఊరివాళ్లు ఒప్పుకున్నారు. తర్వాత అక్కడ ఛత్రి కింద ఆయన విగ్రహం పెట్టారు. పక్కనున్న పెద్ద బ్రిడ్జిని కూడా ఇండియనో, అంటే ఇండియన్, అనే పిలుస్తారు. టికెట్ లేదు, స్లాట్ లేదు. నడక మాత్రం బాగానే ఉంటుంది, ఎండాకాలంలో నది ఒడ్డున దోమలు కూడా. ఓడోమాస్ పెట్టుకోండి.